నల్లోడిని పొమ్మనడం

చిదానందంగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే గురువు కారు. "చూద్దాంలే" అనేవారు. ఆ "చూద్దాం" ఒక్క పూటలో తేలవచ్చు, ఏడాదీ పట్టవచ్చు. శిష్యులకు ఓపిక నేర్పడానికి ఆయనకు ఇంతకన్నా చవకైన ఉపాయం దొరకలేదు కాబోలు.

కొండ కింద జీడితోటలో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వంటా వడ్డనా దమయంతమ్మవి. భర్త పోయాక వేదాంతం వినడానికి వచ్చి, అక్కడే ఉండిపోయిన మనిషి. ఎవరికైనా పెట్టనిదే ఆమెకు ముద్ద దిగదు. కొండ దిగి వచ్చే ముసలి ఎలుగుబంటికి కూడా పెట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం వసారా కటకటాల వెనక నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొడితే చాలు, చెవి చిరిగిన ఆ ప్రాణి వచ్చి, పెరట్లో వేసిన పనసతొనలూ మిగిలిన పరమాన్నమూ ఊడ్చుకు తినిపోయేది. "నల్లోడు" అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. గురువుగారు వద్దంటే నొచ్చుకుంది.

"ఆకలన్నవాడికి పెట్టడం కన్నా దయ ఏముందండీ?" అని అడిగింది.

"చూద్దాంలే" అన్నారాయన.

ఆ వారమే పక్కతోట గున్నయ్య వచ్చాడు. "మా కోడలు గిన్నెలు తోముతుంటే, ఆ సప్పుడికి మీ ఎలుగుగొడ్డు గుమ్మం కాడికొచ్చి కూకుంది బాబూ. పక్కనే ఉయ్యాల్లో సంటిది. మళ్ళీ వొస్తే మావోళ్ళు బల్లేలు తీస్తారు. అప్పుడు నన్నేటీ అనొద్దు."

దమయంతమ్మ చంటిపిల్ల కోసం ఎంత భయపడిందో, నల్లోడి కోసమూ అంతే భయపడింది.

గురువుగారు ఎంగిళ్ళన్నీ గోతిలో పూడ్పించి, పనసపళ్ళు లోపల పెట్టించి, ఖాళీ నూనెడబ్బా ఒకటి ఆమె చేతికిచ్చారు. "పిలిచింది నువ్వు. పొమ్మనాల్సిందీ నువ్వే" అన్నారు.

పొద్దు వాలుతుండగా అది వచ్చింది. ఆమె కటకటాల వెనక నుంచి డబ్బా మీద కర్రతో బాదింది. చప్పుడనగానే ఎలుగు అన్నానికి పిలుపే అనుకుంది పాపం. ఇంకా దగ్గరకు వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, మూతి చాచి ఆమె వాసన పట్టింది.

"పోరా! ఇక్కడ నీకేం లేదు, పో!"

ఎవరినీ ఎన్నడూ పొమ్మనని గొంతు. డబ్బా సొట్టలు పడేదాకా బాదింది. అది బెదిరి పోయింది గానీ, చెట్ల మధ్య ఆగి వెనక్కి చూసింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె బాదింది, అది ఆగి చూసి పోయింది. ఆ పూట ఆమె అన్నం ముట్టేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఏడుపు రాకుండా పళ్ళు బిగించుకుని తల తిప్పుకునేది.

ఒక సాయంత్రం చేతిలో డబ్బాతోనే ఆమె లోపలికి వచ్చింది. గురువుగారు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. అంతకుముందు రోజూ కిటికీ దగ్గర నిలబడి నల్లోడి రాకను చూసి మురిసిన మనిషే ఆయనా.

"వెనక్కి తిరిగి చూశాడా?" అని అడిగారు.

"లేదండీ. ఈసారి చూడకుండానే పోయాడు."

"అమ్మయ్య!" అన్నారు గురువుగారు. కళ్ళొత్తుకుని ఆమె వైపు తిరిగారు. "ఇప్పుడు ఏడువమ్మా."