చెప్పుకోలేని చోట సెగ్గడ్డ

"ఆశ్రమంలో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి స్వామీ," అన్నాడు విశ్వమూర్తి.

వాడంటే ఎర్రన్న. అతనూ శిష్యుడే. గేటు దగ్గర కాపలా ఉంటాడు. వంటింటి మీద పడే కోతుల్ని కర్ర పట్టుకుని తరుముతాడు. నోరు విప్పితే తిట్ల దండకమే.

విశ్వమూర్తి అలాంటివాడు కాడు. దారిలో చీమ కనిపిస్తే ఆగి, అది వెళ్లాక నడుస్తాడు. ఈ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు. తన డప్పు తనే కొట్టుకుంటే తెలియక ఏం చేస్తుంది?

"నాలో హింస లేశమైనా లేదు స్వామీ. ఆ కర్ర ఉన్నచోట నాకు ధ్యానం కుదరడం లేదు."

గురువు కరుణానందస్వామి పూర్వాశ్రమంలో పశువుల డాక్టరు. ఎద్దయినా మనిషైనా, నిలబడ్డ తీరు చూసి జబ్బెక్కడుందో పట్టేస్తారు. ఇందాకటి నుంచి కూచోమంటే కూచోని శిష్యుణ్ణి ఎగాదిగా చూశారు.

"ముందు బోర్లా పడుకో నాయనా."

చెప్పుకోలేని చోట రేగుపండంత సెగ్గడ్డ. విశ్వమూర్తికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. స్వామి వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టారు. "తన్నకు, తన్నకు," అని పాత అలవాటు కొద్దీ వీపు మీద తట్టారు. పక్వానికొచ్చిన గడ్డ కాసేపటికి చితికింది. అతను పెట్టిన కేకకు గేటు దగ్గర ఎర్రన్న కూడా ఉలిక్కిపడ్డాడు.

నొప్పి తగ్గాక విశ్వమూర్తి ఆ గుడ్డ చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఛీ, చీము! దూరంగా పారేయించండి స్వామీ."

స్వామి పారేయలేదు. ఒక చుక్క గాజుపలక మీద పులిమి, ఆరబెట్టి, ఊదారంగు మందు వేసి కడిగారు. తన పాత మైక్రోస్కోపు కింద పెట్టి "చూడు" అన్నారు.

విశ్వమూర్తి ఒంగి చూశాడు. "గుండ్రంగా ఏవో ఉన్నాయి. కొన్నిటి కడుపులో నల్లగా చుక్కలున్నాయి."

"ఆ చుక్కలు గడ్డ తెచ్చిన క్రిములు. గుండ్రటివి నీవే, నీ నెత్తుట్లోని తెల్లకణాలు. క్రిముల్ని దొరికినవాటిని దొరికినట్టు మింగి, అక్కడే చచ్చాయి."

"ఇన్నా?"

"నువ్వు అహింస గురించి చెబుతున్నంతసేపూ అక్కడ జరుగుతున్న పని అదే."

విశ్వమూర్తి కన్ను తీయలేదు. బయట ఎర్రన్న ఏ కోతినో దాని ఏడు తరాలతో సహా తిడుతున్నాడు.

స్వామి చేతులు కడుక్కుని తుడుచుకున్నారు.

"నీ మాట కాదనను నాయనా. కొట్లాడేవాళ్లను పంపించేద్దాం. నీ లోపలివాళ్లతో మొదలుపెడదామా?"

విశ్వమూర్తి గతుక్కుమన్నాడు. ఒక చెయ్యి తెలియకుండానే గడ్డ మీదికి పోయింది.

"వద్దు స్వామీ," అన్నాడు. "ఎవర్నీ పంపొద్దు."