శనగగింజంత సున్నం

పొద్దు నడినెత్తికొచ్చింది. మబ్బు పట్టింది కానీ చినుకు రాలలేదు. ఒకటే ఉక్క.

చింతలదుర్గం కొలువులో మంత్రి పెద్దిభట్టు తాటాకుల కట్ట విప్పి చదువుతున్నాడు. ఊళ్ళో ఏ ఇంటికి ఎంత ఉప్పు, ఎంత పప్పు కావాలో ఆయనే తేల్చేశాడట. మొన్నటి నుంచే సంతలో బేరం నేరం. కొసరు అంతకన్నా నేరం.

ఆ నేరానికే నిన్న ఆరుగురు సంతవాళ్ళు బందిఖానాలో పడ్డారు. వాళ్ళలో ఒకతె చెంగమ్మ. నెలలు నిండిన మనిషి నోరు తెరిచి అడిగితే, కొలతకు మించి పిడికెడు చింతచిగురు వేసింది. అంతే.

చెంగమ్మ తల్లి ఓబులమ్మ కొలువులో తాంబూలాలు ఇచ్చే మనిషి. నిన్నటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

"మా మంత్రి ఏర్పాటులో లోపం ఉంటే భోజనాలయ్యేలోగా చూపండి!" అన్నాడు రాజు గజపాల భూపతి, హుషారుగా. "చూపితే ఆరుగురినీ వదిలేస్తాను. లేదా, సాయంత్రానికి ఊరు దాటిస్తాను."

మంత్రి మీసం దువ్వుకున్నాడు.

విస్తళ్ళు వేస్తుండగా ఓబులమ్మ ఆయన దగ్గరికెళ్ళింది.

"అయ్యా, నలభై తాంబూలాలు. సున్నం ఎంతెంత రాయమంటారు?"

"అదీ నన్నే అడగాలా?"

"మీకు తెలియంది ఇంకెవరికి తెలుస్తుందయ్యా?"

మంత్రి ఉబ్బిపోయాడు. "అందరికీ ఒకటే. ఆకుకు శనగగింజంత. ఎవరు మార్చినా చెరే!"

ఎన్నేళ్ళుగానో ఆకూ వక్కా ఇచ్చి, సున్నం భరిణె పక్కన పెట్టడం ఆమె అలవాటు. ఎవరి నోటికెంతో వాళ్ళే రాసుకునేవారు. ఇవాళ భరిణె దాచేసి, మంత్రి చెప్పినంతే సున్నం రాసి చుట్టిన ఆకు చిలకలే పంచింది.

రాజు రెండు నములు నమిలి లేచి గెంతాడు.

"అబ్బా! నాలుక పొక్కిపోయింది!"

"నాకైతే పండనే లేదు," అన్నాడు దళపతి వీరినాయుడు, పాలిపోయిన నాలుక చాపి. "గడ్డి మేసినట్టుంది."

"ఎవరి నిర్వాకం ఇది?"

"మంత్రిగారి కొలతే ప్రభూ," అంది ఓబులమ్మ. "ఊళ్ళో ఇళ్ళన్నీ తెలిసినవారికి ఈ నలభై నోళ్ళు తెలియవా అనుకున్నాను."

అందరూ మంత్రివైపు తిరిగారు. ఆయనది పంటి బాధ, సున్నం సోకితే ప్రాణం పోతుంది. కండువా చాటున చిలక విప్పి, సున్నాన్ని గోటితో గబగబా గీకేస్తున్నాడు.

"గీకకండయ్యా! మీ కొలత మీరే మారిస్తే, మా పిల్ల పక్కన మీకూ చాప పరవాలి."

సభ గొల్లుమంది. రాజు పొక్కిన నాలుకతోనే పగలబడి నవ్వాడు.

"నా నోటి సంగతే తెలియనివాడికి ఊరి వంటిళ్ళు అప్పజెప్పానన్నమాట! ఆ తాటాకులు పొయ్యిలో పెట్టండి. ఓబులమ్మా, ఏం కావాలో కోరుకో."

"బందిఖానా తాళం ప్రభూ."

తాళంతో పాటు తన చేతి కడియం కూడా తీసి ఇచ్చాడు.

సంతవీధి మొగలో నిలబడి ఓబులమ్మ చెర విడిచి వస్తున్నవాళ్ళను లెక్కపెట్టింది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... ఐదోది చెంగమ్మ. ఆరో మనిషి కూడా వాళ్ళింటి గడప తొక్కాకే కూతుర్ని దగ్గరికి లాక్కుంది.