సెట్టిగారి ఓడలో మీగడ పిల్లి

ఈ కథలో ప్రతి మాటా నిజం. ఒక్క ముక్క అబద్ధమైనా, ఉట్టిమీది పెరుగంతా పులిసి గడ్డివాములా పొంగిపోవాలి!

అనగనగా, సముద్రానికి ఉప్పు ఇంకా సరిగ్గా పట్టని రోజుల్లో, ముత్యాలరేవు అనే పట్నం ఉండేది. దాన్ని సూరభూపతి ఏలేవాడు. ఆయన మీసాలు ఎంతటివంటే, రాజు తూర్పు గుమ్మంలో నిలబడితే పడమటి గుమ్మంలో దాసీలు మీసం కొసన బట్టలారేసుకునేవారు.

ఆ రేవుకొక కట్టుబాటు ఉంది. ఏ సరుకు తెచ్చినవాడైనా ముందు దాని లోపం చెప్పాలి. ఆ తరువాతే గొప్ప చెప్పాలి. "కుండ వంకర, తల్లీ! నీళ్ళు మాత్రం చల్లన!" అని కుమ్మరి అరిచేవాడు. "చేప నిన్నటిది, వదినా! పులుసుకు మాత్రం దీని తరువాతే ఏదైనా!" అని బెస్తది కేకేసేది. లోపం దాచి దొరికినవాడికి ఆ రేవులో మళ్ళీ లంగరు వేసే రాత లేదు.

అక్కడ కొమ్మన సెట్టి అని ఓడ వర్తకుడు ఉండేవాడు. మంచివాడే. నోరు మాత్రం ఓడకన్నా ముందు పరిగెత్తేది. ఒకనాడు కొలువులో చేతులు కట్టుకుని, "ప్రభూ! సయాం దేశపు రాజమందిరాల్లో పిల్లులున్నాయి. ఒళ్ళు మీగడ ముద్ద, కళ్ళు నీలాలు. అలాంటిదాన్ని తెచ్చి తమ ఒడిలో పెడతాను. ఒంటిమీద నల్ల వెంట్రుక ఒక్కటి కనబడినా నా ఓడ తమది!" అన్నాడు.

రాజు మీసం దువ్వుకుని, "ఊఁ, బాగు బాగు" అన్నాడు. కొలువులో గొంతు పెంచడం మర్యాద కాదు గనక అక్కడ అందరూ గొణుగుతున్నట్టే మాట్లాడేవారు. ఆయన అన్నిటికీ అదే మాట అనేవాడు.

ఇంట్లో సెట్టి భార్య నెత్తి కొట్టుకుంది. "పిల్లి కోసం ఓడ ఒడ్డావా? ఇక ఎలుక కోసం ఇల్లెప్పుడు ఒడ్డుతావు?"

సెట్టి సయాం చేరాడు. ఒక అవ్వ దగ్గర పాలనురుగులాంటి పిల్లికూన దొరికింది. "నాయనా, ఇది పెరిగేకొద్దీ..." అని అవ్వ ఏదో చెప్పబోయింది. బేరం కుదిరిన సంబరంలో ఉన్న సెట్టికి అది వినబడితేగా! అప్పటికే తెరచాప ఎత్తించేశాడు. కూనకు మీగడ అని పేరు పెట్టుకున్నాడు.

ఒడ్డు కనుమరుగు కాకముందే మీగడ నోరు విప్పింది. అది నోరా, నగారా! "సెట్టీ, గాలి ఎందుకు వీస్తోంది? సెట్టీ, నీ బొజ్జ ఎందుకు ఊగుతోంది? సెట్టీ, నావంక చూడవేం?" ఆ అరుపులకు తిమింగలాలు దారి తప్పి కొండలెక్కాయి. సెట్టి చెవుల్లో దూది కుక్కుకున్నాడు. అది వెళ్ళి ఆయన మెడ చుట్టూ పడుకుని, ఆ దూదితోనే మాట్లాడేది.

ఇంతలో అసలు ముప్పు వచ్చింది. మీగడ ముక్కుమీద మసి తగిలినట్టు ఒక నీడ కనబడింది. ఆ నీడ చెవులకు పాకింది. పిమ్మట పాదాలకు, తోకకు దిగింది.

ఓడ నడిపే సరంగు పడీపడీ నవ్వాడు. "సెట్టిగారూ, మీ మీగడ అడుగంటింది!"

సెట్టి పిల్లిని చంకనేసుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. మొదట కుంకుడురసంతో రుద్దాడు. నురగ సముద్రమంతా పరుచుకుంది గానీ నలుపు వదల్లేదు. తరువాత పుల్లటి మజ్జిగతో తోమాడు. మీగడ ఆ మజ్జిగ శుభ్రంగా నాకేసింది, నలుపు ఇంకా నిగనిగలాడింది. చివరికి రేవు కనబడుతుండగా, బియ్యప్పిండి తెచ్చి ముక్కునుంచి తోకదాకా దట్టంగా పూశాడు. పిల్లి తెల్లబడింది. సెట్టి ముఖమే నల్లబడింది.

కోట మెట్లెక్కుతూ, రాజుగారి మాట వినాలి గనక, చెవుల్లోని దూది తీశాడు. బుట్టలోంచి మీగడ గుసగుసలాడింది. దాని గుసగుస అంటే మన కేకే అనుకోండి.

"సెట్టీ, ఈ రేవులో లోపం ముందు చెప్పాలట కదా! నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో తల్లీ! చెబితే ఓడ పోతుంది."

"సరే. నీకే వదిలేశాను" అంది మీగడ.

కొలువు తీరింది. మంత్రి గొణిగాడు, "సెట్టీ, లోపం ముందు."

"లోపమేమీ లేదు" అన్న మాట సెట్టి నాలుక కొసదాకా వచ్చింది. బుట్టలోకి చూశాడు. రెండు నీలాల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. సముద్రం పొడుగునా వాగిన పిల్లి ఇప్పుడు కిక్కురుమనడం లేదు. ఆయన ఏమంటాడా అని కాచుకుని ఉంది. ఆ మౌనానికి అడ్డం పెట్టే దూది ఏ దేశంలోనూ లేదు.

సెట్టి ఉత్తరీయం తీసి పిండి తుడిచేశాడు. "లోపం ముందు, ప్రభూ. ఇది తెల్లది కాదు. పిండి పూసింది నేను. మాట ప్రకారం ఓడ తమది" అన్నాడు.

"ఊఁ, బాగు బాగు" అన్నాడు రాజు.

అప్పుడు మీగడ నోరు విప్పింది. "ఏమిటి బాగు?"

స్తంభాలు వణికాయి. కోటలోని పావురాలు పక్క రాజ్యానికి వలసపోయాయి.

"ఆయన ఓడ పోతుంటే నీకు బాగుందా, రాజా? నా లోపాలు నేనే చెబుతా, విను! మా సయాం పిల్లులం తల్లి కడుపులో వెచ్చగా ఉండి తెల్లగా పుడతాం. పుట్టాక చలి తగిలే చోట్లు, ముక్కూ చెవులూ కాళ్ళూ తోకా, నల్లబడతాయి. అది ఒకటి. ఊరుకోవడం నాకు చేతకాదు. అది రెండు. మనసిచ్చినవాణ్ణి వదలను, ఒంటరిగా వదిలేస్తే బెంగపెట్టుకుంటాను. అది మూడు. ఇక గొప్పలంటావా, అవీ అవే!"

రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. మీసాల పొడుగునా కన్నీళ్ళు కాలువ కట్టాయి.

"వినబడింది! ప్రతి ముక్కా వినబడింది! నా లోపం కూడా చెబుతాను వినండర్రా. నాకు చెవుడు. మీ గొణుగుడు ఎన్నో ఏళ్ళుగా నాకు వినబడటం లేదు. సిగ్గేసి అన్నిటికీ బాగు బాగు అంటూ వచ్చాను. సెట్టీ, ఓడ ఏమిటి? ఎందుకు పోతోంది?"

సెట్టి గొంతు చించుకున్నాడు. "పందెం, ప్రభూ! ఈ కొలువులోనే ఒడ్డాను!"

"నేను విననే లేదయ్యా! వినని పందెం ఏం పందెం? నీ ఓడ నీదే. పిండి నీ చేత్తోనే తుడవడం కళ్ళారా చూశాను గనక ఈ రేవులో లంగరు హక్కూ నీదే" అన్నాడు రాజు.

రాజు తిరిగి కూర్చోగానే, మీగడ ఒక్క గెంతు గెంతి ఆయన ఒడిలో చుట్ట చుట్టుకుంది.

సెట్టికి ఏదో పోగొట్టుకున్నట్టయింది. "మీగడా! మరి నేనో?"

"నీకు దూది ఉందిగా, సెట్టీ" అంది మీగడ.

ఆనాటినుంచి కొలువులో ఎవరేం గొణిగినా మీగడ రాజు చెవిలో అరిచి చెప్పేది. రాజు "బాగు" అనేముందు "ఎందుకు?" అని అడగడం నేర్చుకున్నాడు. సెట్టి మాత్రం సాయంత్రమైతే ఉత్త చెవులతో కోటకు పోయి, ఆ వాగుడు విని వచ్చేవాడు.

లోపం దాచడానికి ఊళ్ళోని పిండంతా చాలదు, చెప్పడానికి ఒక్క మాట చాలు. ఇక లే నాయనా, ఉట్టిమీది పెరుగు ముంత పట్టుకురా, పులిసిందేమో చూద్దాం. దారిలో జారిందా, ముంత పగిలిందని ముందు చెప్పు, పెరుగెంత కమ్మగా ఉందో తరువాత చెబుదువు గాని!