సగం మేత

వాగు ఒడ్డున దొడ్డిలో పద్నాలుగు నోళ్లు. గేదె, గొర్రెలు కలిపి పదమూడు చూరు కింద ఒకచోట మెసలుతుంటే, పద్నాలుగోది కంచె పక్కన విడిగా పడుకునేది. అది సంతలో కొనుక్కొచ్చిన చూడి మేక, పేరు తెల్లచెవి. తొలిచూలు, నాలుగో నెల. చోటు కొత్త, మంద కొత్త. దానిమీద ఎవరికీ పగ లేదు. ఎవరో ఒకరు పలకరిస్తారులే అని పదమూడూ అనుకున్నాయి. పదమూడు సున్నాలు కలిపినా సున్నాయే కదా.

పలకరించింది కంచె అవతలి నక్క.

“తిన్నావా కోడలా?”

“తిన్నాను మామా, కడుపు నిండా.”

“అదే తప్పు. తల్లి మేస్తే పిల్ల బలుస్తుంది, పిల్ల బలిస్తే కాన్పు కష్టం. నేటి నుంచి సగమే తిను. చూలు మాట ఎవరితో అనకు, దిష్టి తగులుతుంది. నొప్పులు మొదలైతే వాగు పొదలోకి వచ్చెయ్, నేనున్నాగా.”

నేనున్నాగా అనే మాట విని ఎన్నాళ్లైందో. మునిగేవాడికి గడ్డిపోచ కూడా పడవే. తెల్లచెవి సగమే తింది. పది రోజులకి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లేవబోతే కాళ్లు వణికేవి.

రోజూ మిగులుతున్న మేత చూసి, ఐదు ఈతలు ఈనిన గేదె దగ్గరికొచ్చింది. కాస్త మెత్తగా అడిగేసరికి సంగతంతా బయటపడింది.

“ఏడ్చినట్టుంది. పిల్లకి లోపల వేరే తొట్టి ఉందా? నువ్వు తిన్నదే దానికి. అది ఎదిగేది ఈ చివరి నెలన్నరలోనే. సగం తింటే కాన్పు తేలిక కాదే పిల్లా, నొప్పులు పడటానికి ఓపిక చాలదు. నువ్వు లేవలేవు, అది నిలబడలేదు. అదీ ఎవరూ లేని పొదలో. లెక్క నువ్వే చెప్పు.”

తెల్లచెవి లెక్కేసింది. “నక్కకి రెండు పూటల తిండి,” అంది మెల్లగా. “అయినా పెద్దమ్మా, తిన్నావా అని ఇక్కడ అడిగింది అదొక్కటే,” అంది.

గేదె నెమరు ఆపేసింది. “అది నక్క తెలివి కాదు, మా తప్పు.”

ఆ పూట నుంచే తన తొట్టి దగ్గర చోటిచ్చింది. గొర్రెలు వంతులేసుకుని వచ్చి తమ ఈతల సంగతులు చెప్పేవి: ఏ నొప్పి ఉత్తది, ఏది అసలుది, నీళ్లెందుకు మానకూడదు, పుట్టిన గంటలోపే పిల్లకి జున్నుపాలెందుకు పట్టాలి.

నెల తిరిగేలోపు నక్క ఆరా తీసింది. “సగమే తింటున్నావా?”

“సగమే మామా,” అంది తెల్లచెవి. గేదె తొట్టిలో సగమని చెప్పలేదు.

“మరి రోజెప్పుడు?”

“ఎల్లుండి పొద్దున పొదలోకి వస్తా.”

విందు ముందు తిండెందుకని నక్క రెండు రోజులూ పస్తులుంది. ఎల్లుండి రానే వచ్చింది, పొద కదిలింది. నక్క నోరు తెరిచేసరికి ఎదురుగా గేదె.

“కాన్పుకి పిలిచావటగా అల్లుడా. మంత్రసానిని నేనే.”

పస్తులున్న కాళ్లు ఎంతని పరిగెడతాయి? కొమ్ముపోటు ఒకటి, తన్నులు మూడు పడ్డాయి.

ఐదు రోజుల తర్వాత, గొర్రెలు చుట్టూ నిలబడి ఉండగా, తెల్లచెవి రెండు పిల్లల్ని ఈనింది. రెండూ గంటలోపే లేచి పాలు కుడిచాయి. వాగు అవతల కుంటుతున్న నక్క ఎంత ఊళ వేసినా, అయ్యో అన్న దిక్కు లేకపోయింది.

నీతి: ఒంటరి చెవికి నక్క కూతా ఓదార్పే; చూలాలిని ముందుగా మనమే పలకరించాలి.