పెరటి దాకా రాని పాట

రండర్రా, దగ్గరికి జరగండి. గోడవార ఒదిగిన వాళ్ళు కూడా నా పక్క మీదికి వచ్చేయండి. దుప్పటి అందరికీ సరిపోతుంది, లాక్కోకండి. ముందు ఆ సింహాద్రి అప్పన్నకి ఒక్క దణ్ణం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇక చెప్పడం నా వంతు, ఊ కొట్టడం మీ వంతు. ఊ ఆగితే కథ కూడా ఆగిపోతుంది, నన్నడగొద్దు.

అనగా అనగా, సరుగుడు తోటల మీదుగా సముద్రం హోరు వినిపించే ఒక ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. అక్క పేరు తవిటమ్మ, చెల్లి పేరు అసిరమ్మ. ఆ వైపు అక్కని అప్ప అంటారు. అందుకని అసిరమ్మ నోట్లో ఎప్పుడూ అప్ప, అప్ప అనే మాటే.

ఇద్దరూ ఏ పని చేసినా పాడుకుంటూ చేసేవారు. అటుకులు దంచినా పాటే, పసుపు దంచినా పాటే. గొంతులు రెండైనా వినేవాళ్ళకి ఒక్కటిగానే వినిపించేవి. ఊళ్ళో ఎవరింట పెళ్ళి అనుకున్నా, పసుపు దంచడానికి ముందు వీళ్ళిద్దరికీ కబురొచ్చేది.

ఆ తర్వాత తవిటమ్మ భర్తకి అండమాన్లో పడవల రేవులో పని దొరికింది. ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోయింది. అసిరమ్మ ఒక్కతే మిగిలింది. రోటి దగ్గర కూర్చుంటే ఎదర పీట ఖాళీగా కనిపించేది. ఒకరిద్దరు ఇరుగమ్మలు వచ్చి ఆ పీట మీద కూర్చోబోతే, అది కదులుతోందమ్మా, పడతారు, అని వేరే పీట వేసేది. పీట కదిలేదేం కాదు. మనసు అలాంటిది మరి.

అసిరమ్మకి ఒక్కతే కూతురు, పేరు హైమ. పసిగుడ్డుగా ఉన్నప్పుడు, అప్ప ఇంకా ఓడెక్కక ముందు, తల్లికి జబ్బు చేస్తే, పెద్దమ్మే ఒళ్ళో వేసుకుని పెంచింది. ఆ పిల్లకి మొదట తెలిసిన గొంతు పెద్దమ్మ గొంతే. పెద్దదయ్యాక సంబంధం కుదిరింది. మంచి పిల్లాడు, పక్క ఊరే. పసుపు దంచడానికి ముహూర్తం పెట్టారు.

అప్పుడు అండమాన్ నుంచి ఫోనొచ్చింది. తవిటమ్మ భర్త రేవులో జారిపడ్డాడట, కాలు విరిగిందట. మంచం దిగలేని మనిషిని వదిలి ఆవిడ ఎలా వస్తుంది? రాలేనని చెప్పి, ఆవిడ అక్కడ ఏడిచింది. చెల్లెలు ఇక్కడ ఏడిచింది.

హైమ మాత్రం ఏడవలేదు. తల్లి ముందుకొచ్చి నిలబడి ఒకటే మాట అంది.

"పెద్దమ్మ పాట లేకుండా నా పసుపు దంచొద్దమ్మా. మనిషి రాకపోతే రాకపోయింది. గొంతైనా రావాల."

ఊ కొడుతున్నారా? ఆఁ, అదీ.

ఫోన్లో పాడించడం ఎంత పని అనుకుంటున్నారు కదూ. అక్కడే ఉంది చిక్కు. ఆ ఊరికి సెల్ టవరు కొండ అవతల ఉంది. ఊళ్ళో ఫోన్లు పేరుకే ఫోన్లు. అసిరమ్మ ఇంటికి వైరు మీద నెట్టు వచ్చేది. దానికి ముందు గదిలో ఒక చిన్న తెల్ల పెట్టె, రెండు కొమ్ములు. రౌటర్ అంటారే, అదే.

ఆ ఇల్లేమో ఆ వైపు ఇళ్ళలాగే పొడుగాటి ఇల్లు. రైలు పెట్టెల్లాగా ఒక గది వెనక ఇంకో గది. మధ్యలో మూరెడు మందం రాతి గోడలు. ఆ చివర వంటిల్లు, దాని వెనక పెరటి వసారా. ఆ వసారాలోనే నేలలో పాతిన రోలు ఉంది. ఆ ఇంటి ఆడపిల్లలందరికీ పసుపు ఆ రోట్లోనే దంచారు. దాన్ని పెకలించి ముందు గదికి తేలేరు కదా.

వీడియో ఫోను కలిపితే ముందు గదిలో తవిటమ్మ నిండుగా కనిపించేది. రెండో గదిలోకొస్తే మాట ముక్కలయ్యేది. వంటింటికొచ్చేసరికి నోరు తెరిచిన మనిషి బొమ్మలా అలాగే బిగుసుకుపోయేది. పెరట్లో అయితే ఒట్టి చక్రం తిరుగుతూ ఉండేది. అసిరమ్మ ఆ చక్రం వంకే చూస్తూ కూర్చునేది, అందులోంచి అప్ప ఎప్పుడైనా తొంగిచూస్తుందేమోనని.

అప్పుడు ఆవిడ భర్త దాలినాయుడు తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు. పెట్టె ముసలిదైపోయింది, కొత్తది తెస్తాను, అని పట్నం బస్సెక్కాడు. దుకాణంలో పెట్టెలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన కాసేపు చూశాడు. రెండు కొమ్ములది రెండు గదులకైనా చాలలేదు, ఎనిమిది కొమ్ములది ఊరంతటికీ చాలుతుంది అని లెక్క వేసుకున్నాడు. నల్లగా, బోర్లా పడ్డ పీతలా ఉన్న పెట్టెని చంకన పెట్టుకుని తెచ్చాడు. కొత్త అల్లుడు ఇంటికొచ్చినా అంత సంబరం ఉండదు.

నవ్వకండి. ఇప్పుడు చెప్పబోయేది వింటే ఇంకా నవ్వుతారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దేవుడి గదిలో పెట్టాలి. మిక్సీ వచ్చినా అంతే, సైకిలు వచ్చినా అంతే. అసిరమ్మ ఆ పెట్టెకి పసుపు రాసి, కుంకం పెట్టి, కొమ్ము కొమ్ముకీ ఒక బంతిపువ్వు గుచ్చింది. వైరు అక్కడి దాకా లాగించి, ఇత్తడి బిందెలకీ దీపపు కుందులకీ వెనకాల, సామి పాదాల దగ్గర పెట్టింది. అప్ప గొంతు మోసుకొచ్చే పెట్టె కదా, అంతకంటే మంచి చోటు ఇంట్లో ఎక్కడుంటుంది? ఆ తర్వాత ఇత్తడి రేకు తాపిన తలుపులు దగ్గరగా వేసి దణ్ణం పెట్టింది.

పెరట్లోకి పరిగెత్తింది. చక్రం తిరుగుతూనే ఉంది.

ఉన్నది కూడా పోయింది, ముందు గదిలో కూడా మాట సరిగ్గా రావడం లేదు. దాలినాయుడికి కోపమొచ్చింది. నన్ను మోసం చేశారని గొణుక్కుంటూ, పట్నం వెళ్ళి దుకాణంలో గట్టిగానే అడిగాడు. ఆ దుకాణం నడిపే ఆవిడ పేరు సుగుణ. ఆవిడ అరవలేదు. ఎక్కడ పెట్టారు, ఎదర ఏమున్నాయి, గోడలు ఎలాంటివి అని ఒక్కొక్కటే అడిగింది. ఈయన చెబుతుంటే ఆవిడ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

"ఎద్దుని కొమ్ములు సూసి కొంటావా మావయ్యా? పళ్ళు సూస్తావు, సుడులు సూస్తావు. దీన్ని కొనేముందు నీ ఇల్లు సూసుకోవాల."

ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఇది దీపం వెలుతురు లాంటిది, దానికి ఎదర ఇత్తడీ ఇనుమూ పెడితే వెలుతురు అక్కడే ఆగిపోతుంది, రాతి గోడ ఒకటి దాటేసరికి సగం చచ్చిపోతుంది. పొడుగాటి ఇంటికి ఒకటే పెద్ద దీపం పనికిరాదు, రెండు చిన్నవి కావాలి. ఒకటి ముందువైపు, రెండోది మొదటిది అందుకునేంత దూరంలో వెనకవైపు. ఒకటి పలికింది రెండోది అందుకుని ముందుకు పంపుతుంది. ఈ నల్లది తెచ్చిచ్చేయి, ఆ జంట పెట్టెలు పట్టుకెళ్ళు, అంది.

దాలినాయుడు ఇంటికొచ్చి నల్ల పెట్టె తియ్యబోయాడు. అసిరమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. పెళ్ళి ఇంట్లో సామి ముందు పెట్టినదాన్ని పీకి దుకాణానికి తోలేస్తారా, అపచారం కాదా అంది. ఆయన బతిమాలాడు. హైమ బతిమాలింది. పక్కింటి ముసలమ్మ కూడా వచ్చి బతిమాలింది. ఆవిడ కదల్లేదు. కళ్ళు మాత్రం నీళ్ళు నిండి ఉన్నాయి. ఆవిడకీ అప్ప పాట కావాలి. దేవుడి ముందు తప్పు చేసి తెచ్చుకున్న పాట మాత్రం వద్దు.

అప్పుడు హైమ పాత తెల్ల పెట్టెకి వైరు తగిలించి, ముందు గదిలోంచి పెద్దమ్మకి ఫోను కలిపి, సంగతంతా చెప్పింది. తవిటమ్మ చెల్లెల్ని పిలిచింది.

"ఏటే చెల్లీ, వినాయకుణ్ణే కదిపి సాగనంపుతాం కదా. పెట్టెకేటొచ్చింది? ఉద్వాసన చెప్పి తియ్యవే."

నిజమే కదర్రా. పూజ అయ్యాక కలశాన్ని కాస్త ఈశాన్యానికి జరిపి, సామీ, ఇక సెలవు, అంటాం. దాన్నే ఉద్వాసన అంటారు. ఆ తర్వాత తియ్యొచ్చు, తప్పు లేదు. అసిరమ్మ స్నానం చేసి వచ్చింది. హారతిచ్చి, అటుకులూ బెల్లం నైవేద్యం పెట్టి, ఆ నల్ల పెట్టెని రెండు వేళ్ళతో కాస్తంత జరిపింది. ఎందుకో గానీ, అప్పని ఓడెక్కించిన నాడు కూడా ఇలాగే చెయ్యి వదిలానే అనుకుని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. కొన్ని ఏడుపుల్ని ఏడవనివ్వాలి.

జంట పెట్టెలు వచ్చాయి. ఈసారి వాటిని సామికి చూపించి, బొట్టు పెట్టి, బయటికి తెచ్చారు. ఒకటి ముందు గదిలో గూట్లో పెట్టారు. రెండోది వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. అసిరమ్మ ఫోను పట్టుకుని ఒక్కో గడప దాటుతూ వెళ్ళింది. మాట తెగలేదు. వంటిల్లు దాటింది. తెగలేదు. పెరటి వసారాలో రోటి దగ్గర నిలబడింది. అప్ప అక్కడ నవ్వుతోంది. అప్ప వెనకాల కిటికీ, కిటికీలో కొబ్బరాకులు ఊగుతున్నాయి. అసిరమ్మ ఫోనుని గుండెకి ఆనించుకుంటే, నన్ను నొక్కేస్తావేటే, ఊపిరాడటం లేదు అని అప్ప లోపల్నించి అంది.

ముహూర్తం రోజు వచ్చింది. రోకళ్ళకి పసుపు రాసి, మామిడాకులూ పసుపు కొమ్మూ కట్టారు. ముత్తైదువులు రోటి చుట్టూ చేరారు. అసిరమ్మ, ఇన్నాళ్ళూ ఎవరినీ కూర్చోనివ్వని ఆ పీట మీద ఫోను నిలబెట్టింది. పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, అండమాన్లో తవిటమ్మ సిద్ధంగా ఉంది. అందరూ గోవిందా అన్నారు. మొదటి పోటు పడింది. అక్కచెల్లెళ్ళు పాట ఎత్తుకున్నారు.

అయ్యో, ఏం చెప్పమంటారు. చెల్లెలు ఒక మాట అంటే, అప్ప మాట దాని వెనక నీడలాగా ఆలస్యంగా వచ్చి పడుతోంది. చెల్లెలు రెండో మాటలో ఉంటే అప్ప ఇంకా మొదటి మాట చివర్లోనే ఉంది. ముత్తైదువులకి లయ తప్పింది. ఒకావిడ రోకలి రోటి అంచుకి తగిలింది. ఎవరో కిసుక్కుమన్నారు.

పెట్టెల తప్పేం కాదు. అవి గోడలు దాటించగలవు. ఆ మిగిలిన కాస్త ఆలస్యం ఉంది చూశారూ, అది సముద్రం. దాన్ని మాయం చేసే పెట్టె ఏ దుకాణంలోనూ లేదు నాయనా.

తవిటమ్మకి అర్థమైంది. పాడటం ఆపేసింది.

"నాను ఊరుకుంటానే చెల్లీ. పాట పాడైపోతోంది. మీరు కానివ్వండి, నాను సూస్తాను."

రోటి చుట్టూ అందరూ అసిరమ్మ వైపు చూశారు. పెద్దవాళ్ళు కానివ్వమని సైగ చేశారు, ముహూర్తం దాటిపోతుందని. హైమ తల వంచుకుంది. అసిరమ్మ కానిస్తే అయిపోయేది. ఊళ్ళో గొంతులకి కొదవా?

ఆవిడ రోకలి ఎత్తింది. ఎత్తి, అలాగే పట్టుకుని ఆగింది.

"నువ్వను అప్పా. నీ మాట నా దాక వచ్చినాకే నా రోకలి దిగుద్ది."

మొదటి పోటు ముహూర్తంలోనే పడింది కదా, ఇక కంగారేముంది అని ఒక ముసలమ్మ మెల్లగా అంది. అక్కడ తవిటమ్మ గొంతు సవరించుకుంది. ఆ తర్వాత, సముద్రం దాటి, రాతి గోడలు దాటి, పెరట్లోకి ఆ గొంతు వచ్చింది.

"సువ్వీ సువ్వీ పసుపమ్మా..."

అది పూర్తిగా వచ్చాక, చివరి అక్షరం కూడా చేరాక, అసిరమ్మ రోకలి దిగింది. అప్పుడు ఆవిడ అంది.

"మా అమ్మి పాదాన నిలవమ్మా..."

ఆ చరణం అటు వెళ్ళేదాకా అందరూ ఆగారు. అప్ప విని, ఇంకోటి పంపింది. ఇది వచ్చేదాకా ఆగారు. ఇలా ఒకరి మాట ఒకరికి చేరాక, ఒకరి తర్వాత ఒకరు పాడారు. మధ్య మధ్య ఖాళీలో సరుగుడు తోటల మీదుగా హోరు వినిపించేది. ఆ ఖాళీలో అసిరమ్మ కళ్ళు మూసుకునేది. అప్ప అక్కడ లేదు, అయినా వస్తోంది. వస్తోంది, అయినా అక్కడ లేదు.

అలా పసుపు దంచడానికి చాలా సేపు పట్టింది. హైమ పాదాలకి ఆ పసుపే రాశారు. పాట అయ్యాక కూడా ఇద్దరిలో ఎవరూ ఫోను కట్టెయ్యలేదు. మాట్లాడనూ లేదు. ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు, ఫోనులో చార్జి ఉన్నంతసేపూ.

నిద్రొస్తోందా? ఒక్క ముక్క చెప్పి ఆపేస్తాను. పెట్టెల సంగతి మర్చిపోయినా పర్వాలేదు బంగారాలూ. అసిరమ్మ రోకలెత్తి ఆగింది చూడండి, అది మర్చిపోకండి. రేపు మీరు దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు, వాళ్ళ మాట మీ దాకా చేరేవరకు ఆగండి. తొందరపడి మీది అనెయ్యకండి. అవతల మనిషి నే ఊరుకుంటాను అంటే, నువ్వను, నే ఆగుతాను అనండి. ఆ ఒక్క పని చేస్తామని నా చేతిలో చెయ్యి వేసి చెప్పండి. ఇప్పుడు నాతో పాటు అనండి.

రోకలెత్తి ఆగింది అసిరమ్మ,
రాగమెత్తి పంపింది తవిటమ్మ,
కంచి దారి పట్టింది కథమ్మ,
మన ఇంటి దారి పట్టింది నిద్రమ్మ.