చింతపండు పోసిన బండలు

ఆ దుప్పటి ఇటు లాగండి. కాళ్ళు లోపల పెట్టుకోండి. ఊఁ అంటూ ఉండాలి మరి, మీరు ఊఁ అనకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టు ఉంటుంది నాకు.

అనగనగా బండల గనుల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో గోడా బండే, గడపా బండే, అరుగూ బండే, ఇంట్లో నేలా బండే. అన్ని ఇళ్ళలోకీ ఓబులమ్మ ఇంటి బండలు మేలు. నల్లగా, నున్నగా, వంగి చూస్తే మన ముక్కు మనకు కనిపించేట్టు ఉండేవి. ఆమె మొగుడు బతికున్న రోజుల్లో గనిలోంచి ఏరి ఏరి తెచ్చుకుని, తన చేత్తో రుద్ది రుద్ది పరిచాడు వాటిని. ఆయన పోయాక ఓబులమ్మకు ఆ నేలంటే ప్రాణం. ఏటా ఎండలు ముదరగానే ఉత్త నీళ్ళతో కడిగించేది, చెమ్మంతా పోయేదాకా ఆరబెట్టించేది, ఆరాక అవిసె నూనె పల్చగా పట్టించి పాత పంచెతో తుడిపించేది. అలా నూనె పట్టిన బండ ఇంక పసుపు పడినా తాగదు, పులుసు ఒలికినా తాగదు. వెంటనే తుడిచేస్తే సరి.

ఆ ఇంటికి కొత్త కోడలొచ్చింది, చెంచులక్ష్మి అని. మంచి పిల్లే, కాకపోతే అత్తంటే గుండె దడ. ఆ ఇంట్లో పనికి దస్తగిరమ్మ అని ఒకావిడ ఉండేది. అత్తకీ ఆమెకీ ఒకటే ఈడు, వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. చెంచులక్ష్మికి అమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తే, ఈ దస్తగిరమ్మే పెరటి మెట్టు మీద కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి జడేసేది. పిల్ల అన్నం మాడిస్తే, అత్త చూడకముందే ఆ మాడుగిన్నె తోమేసి బోర్లించేది. చెంచులక్ష్మి ఆమెను పెద్దమ్మా అని పిలిచేది.

ఊఁ అంటున్నారా? ఏరా చిన్నోడా, అప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయా? ఇప్పుడే కదరా అసలు సంగతి.

ఒకసారి అత్త తిరునాళ్ళకి అహోబిలం వెళ్ళింది. కోడలికి ఏదైనా చేసి అత్తచేత శభాష్ అనిపించుకోవాలని కోరిక. చింతపండు పిసికి ఇత్తడి సామానంతా ముందేసుకుంది. చెంబు తోమింది, చెంబు మెరిసింది. బిందె తోమింది, బిందె మెరిసింది. గంగాళం తోమింది, గంగాళం మెరిసింది. దీపపు కుందె తోమింది, అదీ మెరిసింది. మరి బండ ఎందుకు మెరవదూ అనుకుంది. చింతపండు పులుసు ఇంత చిక్కగా పిసికి, నడవంతా పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, నానితే ఇంకా మెరుస్తుందని వదిలేసింది.

ఇత్తడి వేరు, బండ వేరు కదా. పులుపు బండని తినేసింది. పొద్దున లేచి చూస్తే తెల్లతెల్లగా మచ్చలు, అరచెయ్యి పెడితే గరుకు. మెరుపంతా పోయింది. అప్పుడే పనికొచ్చిన దస్తగిరమ్మ అది చూసి, అయ్యో అమ్మాయీ అని, ఒక్క మాట కూడా అడక్కుండా, కొంగు దోపుకుని కూర్చుంది. మిగిలిన పులుసంతా గిన్నెలోకి ఎత్తుతూ, నీళ్ళు పోసి కడుగుతూ ఉంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బండి ఆగింది. ఓబులమ్మ దిగింది.

ఆమె నేల చూసింది. వంగి బండని అరచేత్తో తడిమింది. మొగుడు రుద్దిన బండలు కదా పాపం.

“ఎవరు చేశారిది?” అంది.

చెంచులక్ష్మి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. “నేను పెరట్లో ఉన్నా అత్తా. నాకు తెలీదు.”

దస్తగిరమ్మ తలెత్తి పిల్లని చూసింది. కోపంగా కాదు. ఎదురుచూసినట్టు చూసింది. పిల్ల తలొంచుకుంది. అప్పుడు దస్తగిరమ్మ, “గిన్నె నా చేతిలోనే ఉంది కదా వదినా, నేనేమని చెప్పేది,” అంది. ఓబులమ్మ దుఃఖంలో ఉంది, వెనకాముందూ చూళ్ళేదు. ఇంక నా గడప తొక్కొద్దని అనేసింది. దస్తగిరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

రేపు చెప్పేద్దాం అనుకుంది చెంచులక్ష్మి. రేపొచ్చింది, అత్త ఏడుస్తూ ఉంది, ఇప్పుడెలా అనుకుంది. ఎల్లుండి వచ్చింది, అత్త ఏడుపు ఆపింది, మళ్ళీ ఎందుకు కదపడం అనుకుంది. ఆ మర్నాడు చుట్టాలొచ్చారు. ఆ మర్నాడు వాళ్ళు వెళ్ళారు. చెప్పకుండా దాటేసిన ప్రతిరోజూ ఆ మాట ఇంకాస్త బరువెక్కింది.

గనిలో రాయి నునుపు పెట్టే మేస్త్రీ ఒకాయన, మళ్ళీ రుద్దితే బండ తేరుకుంటుందమ్మా అన్నాడు. చెంచులక్ష్మి తనే రుద్దుతానంది. గరుకు రాయి పెట్టి, నీళ్ళు చల్లుకుంటూ రుద్దింది. తర్వాత సన్నరాయి, తర్వాత ఇంకా సన్నరాయి. భుజాలు పడిపోయాయి, మోకాళ్ళు కాయలు కాశాయి. అయినా లేవలేదు. ఎవరో తనకు వేసిన శిక్షలాగా రుద్దింది. రుద్దిన బురదంతా కడిగింది. తలుపులూ కిటికీలూ తీసిపెట్టి ఆరనిచ్చింది. చెమ్మ ఉండగా నూనె పెడితే లోపలి తడి లోపలే ఉండిపోయి బండ మసకబారుతుందని ఓపిగ్గా ఆగింది. ఆరాక నూనె పట్టించి, అరచేతికి జిడ్డు అంటనిదాకా తుడిచింది.

నడవ మళ్ళీ నల్లగా నిగనిగలాడింది. ఓబులమ్మ సంతోషం పట్టలేక ఇరుగూ పొరుగూ అందరినీ పిలిచింది. “ఆ మహాతల్లి పాడుచేసి పోయింది. నా కోడలు చూడండి, బంగారం, బాగుచేసింది!” అంది.

ఆ మాట వినేసరికి చెంచులక్ష్మి అత్త చెయ్యి పట్టుకుంది. “నేనే అత్తా. చింతపండు పోసింది నేనే,” అని భోరుమంది. ఓబులమ్మ తిట్టలేదు, కొట్టలేదు. “నాకు కాదు చెప్పాల్సింది. బండి కట్టమను,” అంది.

దస్తగిరమ్మ ఊళ్ళో లేదు. తాడిపత్రి పక్కన కూతురింటికి వెళ్ళిపోయిందన్నారు. అత్తా కోడలూ వెతుక్కుంటూ వెళ్ళారు. ఆమె పందిరి కింద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ ఉంది. వీళ్ళని చూసి లేచి, మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది. చెంచులక్ష్మి కాళ్ళమీద పడింది. దస్తగిరమ్మ లేవదీసి, “బండలు బాగయ్యాయా అమ్మాయీ?” అని అడిగింది.

“బాగయ్యాయి పెద్దమ్మా. ఇంటికి రా పెద్దమ్మా.”

“వదినా, తప్పు నాది కూడా. ఒక్క మాట అడక్కుండా పొమ్మన్నాను. రావే,” అంది ఓబులమ్మ.

దస్తగిరమ్మ నవ్వింది. “కోపమేం లేదు వదినా. ఇక్కడ బాగానే ఉంది. మనవడు నా దగ్గరే పడుకుంటాడు.” తర్వాత పిల్ల వైపు తిరిగి మెల్లగా అంది. “ఆ రోజు వీధి చివరిదాకా నిదానంగా నడిచాను అమ్మాయీ. వెనకనుంచి పిలుస్తావేమో అని.”

అంతే. వచ్చేటప్పుడు ఇద్దరికీ కొంగులో వేరుశనక్కాయలు పోసి పంపింది.

ఏంటి పాపా? లేదమ్మా, రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పండక్కి ఓబులమ్మ చీర పంపేది, ఆవిడ కాయలు పంపేది. అలా ఇద్దరూ బాగానే ఉన్నారు. చెంచులక్ష్మికి పిల్లలు పుట్టారు, ఇల్లు పచ్చగా ఉంది. వచ్చినవాళ్ళు నేల చూసి, అబ్బ ఎంత బాగుందమ్మా, ఎవరు చేశారు అనేవారు. అప్పుడు ఆమె, బాగుచేసింది నేనే, పాడుచేసిందీ నేనే, మాట పడింది మాత్రం మా పెద్దమ్మ అని చెప్పేది. ఎవరడిగినా అంతే చెప్పేది, ముసలిదయ్యేదాకా.

అందుకని పిల్లలూ, ఏదైనా పగిలినా, ఒలికినా, అప్పుడే చెప్పేయండి. నాలుగు తిట్లు తింటారు, అంతేగా. ఆ నాలుగు తిట్లూ ఇంకొకరికి వడ్డించకండి.

ఇంక కళ్ళు మూసుకోండి. కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరాం.