చీమలు పాకిన చెయ్యి

కంచర వీధిలో సన్యాసయ్య ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకెక్కడా లేదు. ఈ మాట వీధిలో వాళ్ళు అనలేదు, ఇంట్లో వాళ్ళే అనుకున్నారు. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసే ఇల్లు మరి.

సన్యాసయ్య భార్య పైడమ్మకు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, ఎడమ పిడికిలి బిగుసుకుపోయి విడిపడటం లేదు. ఆవిడ ఒంటిచేత్తో కొప్పు ముడుచుకోలేక తంటాలు పడుతుంటే సన్యాసయ్యకు అన్నం సయించేది కాదు. ఫిజియోథెరపీ చేసే స్వర్ణ, నరాలకు సన్నగా కరెంటు ఇచ్చే చిన్న మిషన్ తెచ్చింది. దాని తీగల చివరనున్న రెండు బిళ్ళలు ముంజేతికి అంటించి రోజూ అరగంట పెట్టమంది, ఆ తర్వాత వేళ్ళు మెల్లగా చాపించమంది. "చీమలు పాకినట్టుండాలి బాబాయిగారూ. అప్పుడే పనిచేస్తున్నట్టు," అని చెప్పి వెళ్ళింది.

సన్యాసయ్య బిళ్ళలు తీసి, పైడమ్మ చలికి తొడుక్కున్న స్వెట్టరు మీదే అంటించి మీట నొక్కాడు. చీమలు పాకుతున్నాయా అని అడిగితే ఒక్కటీ లేదందావిడ. ఇంకేముంది, చీమలు లేకపోతే వైద్యం లేనట్టే. తమ్ముడు గురువులు పెరట్లోకి పరిగెత్తి గుప్పెడు చీమలు తెచ్చాడు. అవి పక్కదార్లు పడుతుంటే, స్వెట్టరు తీయించి వదిన చేతికి బెల్లంపాకం పూశాడు. అంతే, ఎర్రచీమలు బారులు తీరాయి. పైడమ్మ పెట్టిన కేకకు పక్కింటి కోళ్ళు గోడెక్కాయి. వైద్యం పనిచేస్తోందని అన్నదమ్ములు మురిసిపోయారు.

ఆ ముచ్చట ఫోన్‌లో విని స్వర్ణ తల పట్టుకుంది. చెయ్యి కడిగి, ఆరాక, బిళ్ళలు నేరుగా చర్మానికి అంటించమంది. ఎవరి చర్మానికో చెప్పలేదు కదా. ఇంట్లో మంచి చర్మం గురువులుదని తేల్చి అతనికి అంటించారు. వేళ్ళు వాటంతటవే ఎగిరిపడుతుంటే, వదిన నరాలు తన చేతిలోకి వచ్చేశాయని గురువులు ఏడుపు లంకించుకున్నాడు. నా నరాలు నాకిచ్చెయ్యమని పైడమ్మ పట్టుబట్టింది.

చివరికి స్వర్ణే వచ్చి బిళ్ళలు తన చేత్తో అంటించింది. ఆరు వారాలు రోజూ వచ్చి వేళ్ళు చాపించింది. ఒక పొద్దున పైడమ్మ పిడికిలి మెల్లగా సడలి, అరచెయ్యి కనిపించింది. సన్యాసయ్య ఆ చేతిని పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరాడు. తర్వాత, "మెత్తబడిందే," అన్నాడు.

కసరత్తు మాత్రం మానొద్దనీ, మిషన్‌కి ఓ వారం విశ్రాంతి ఇవ్వమనీ చెప్పి స్వర్ణ వెళ్ళింది.

మర్నాడు వచ్చి చూస్తే నడింట్లో మంచం మీద, దుప్పటి కింద, మిషన్ పడుకుని ఉంది. గురువులు విసనకర్ర విసురుతున్నాడు. చెప్పుల చప్పుడు చెయ్యొద్దని సన్యాసయ్య గుమ్మంలోనే సైగ చేశాడు. పైడమ్మ ఎడమ అరచేత్తో దాన్ని జోకొడుతూ గుసగుసగా అంది:

"ఇప్పుడే కునుకు పట్టిందమ్మా. పాలు తాగమంటే తాగకుండానే పడుకుంది."